మూలావిడ చేతులు

మైకు కూసింది.

ముందు గదిలో బల్ల మీద మైకుసెట్టు హారన్ పెట్టి, దానికి ఎడంగా నిలబడి ఆయన "హలో, చెక్, హలో" అంటున్నాడు. మైకు హారన్‌కు ఎదురుపడితే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. మైకుసెట్లు బాగుచెయ్యడమే ఆయన బతుకు. కానీ గుమ్మంలోంచి ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. చేతిలో మైకు కూడా ఆయనతో పాటే తిరిగింది.

చెవిలో సూది దించినట్టయింది ఇంటిల్లిపాదికీ. వంటగదిలో కూతురి చేతిలోంచి కప్పు జారి పగిలింది. వీధిలో పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది. ఎదురింటి మేడ మీంచి ఎవరో, "పొద్దున్నే చంపేస్తావా ఏంటయ్యా!" అని అరిచారు. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్న ఆయన భార్య రెండు చేతులతో చెవులు మూసుకుంది.

మూసుకుని, చాప మీద కూర్చున్న మనవరాలి వైపు చూసింది.

పిల్ల తన కాలి బొటనవేలు పట్టుకుని లాగుతోంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది.

ఆయన స్విచ్ కట్టేసి నవ్వుతూ వచ్చాడు. "చూశారా మా ఇంజనీరమ్మని! వీధి వీధంతా ఉలిక్కిపడితే ఇది కన్ను కూడా ఆర్పలేదు. తాత పోలిక!"

ఆ ఇంట్లో పిల్ల నిద్ర ఒక గొప్ప. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, మధ్యలో ఒక తెర. తెరకు అవతల మనిషంత ఎత్తు స్పీకరు బాక్సులు మోగుతుంటే ఇవతల పిల్ల హాయిగా నిద్రపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. "కడుపులో ఉన్నప్పుడే అలవాటైపోయింది" అని ఆయన మురిసిపోయేవాడు. ఆయన దగ్గర ఇంకో రుజువు కూడా ఉండేది. పెద్ద బాక్సులో పాట వేస్తే పిల్ల చటుక్కున తల తిప్పేది, బోసినోటితో నవ్వేది. "బేస్ అంటే ప్రాణం దీనికి" అనేవాడు. పెద్ద బాక్సు మోగితే నేల అదురుతుందనీ, ఆ అదురు చాప మీది పిల్ల ఒంట్లోకి ఎక్కుతుందనీ, శబ్దాల మధ్య జుట్టు నెరిసిన మనిషికి తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో పుట్టి ఉంటే ఎప్పుడో తెలిసిపోయేది.

హారన్ నేలను అదరగొట్టదు. గాలిలోనే అరుస్తుంది.

ఆయన భార్య ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా వంటగదిలోకి వెళ్ళింది. పగిలిన కప్పు పెంకులు దాటుకుని స్టీలు మూత, గరిటె తెచ్చింది. పిల్ల వెనకాల వంగి, తల దగ్గరగా కొట్టింది.

"ఏంటే అది?" అన్నాడు ఆయన, ఇంకా నవ్వుతూనే.

మళ్ళీ కొట్టింది.

"అమ్మా, నాన్న మోగించింది చాల్లేదా?" అంటూ కూతురు తెర తీసుకుని వచ్చింది. మూత చూసింది. గరిటె చూసింది. పిల్లను చూసింది. పిల్ల బొటనవేలు నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దించడం మర్చిపోయినట్టు.

*

ఆసుపత్రిలో పరీక్ష చేసే గది గోడలకు మెత్తటి దిళ్ళు లాంటివి అంటించి ఉన్నాయి. లోపలికి వెళ్తే అమ్మమ్మకు తన ఊపిరి తనకే గట్టిగా వినపడింది. ఆయన గోడ మీద చెయ్యి వేసి ఒత్తి చూశాడు. ఇంకోరోజైతే అది ఏ సరుకో, ఎక్కడ దొరుకుతుందో అడిగేవాడు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "పుట్టుకతోనే అమ్మా. రెండు చెవులూ. చెవి మిషన్ పెట్టి చూద్దాం. ఎంతవరకు పనికొస్తుందో పెట్టాక గానీ చెప్పలేను" అంది.

"కాదండీ" అంది కూతురు.

కూతురు బస్ స్టేషన్‌లో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యమో, రోజంతా ఆ గొంతే చెబుతుంది. గదమాయింపు లేని గొంతు. బస్సు తప్పిపోయినవాళ్ళు కూడా ఆ గొంతును తిట్టరు.

"నా పాట వింటుందండీ" అంది కూతురు. "రోజూ పాడతాను. నేను పాడందే పడుకోదు."

"ఎత్తుకుని పాడతావా?"

"ఆ."

"గుండెకు ఆనించుకుని?"

కూతురు నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అంత స్పష్టంగా మాట్లాడే కూతురి నోట మాట రాకపోవడం తల్లి అదే మొదటిసారి చూడటం.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. "మిషన్ సంగతి ఎలా ఉన్నా, ఈలోగా పిల్లకి ఏదో ఒక భాష కావాలి. వయసు ఆగదు కదా. ఇంట్లో ఎవరికైనా చేతి సైగల భాష వచ్చా?" అని అడిగింది. అడగాలి కాబట్టి అడిగినట్టు, తల కూడా ఎత్తలేదు.

అమ్మమ్మ చెయ్యి లేచింది. బడిపిల్ల చెయ్యి లేచినట్టు. తను ఎత్తలేదు, అదే లేచింది. అందరూ ఆ చేతి వైపు చూశారు. ఆమె కూడా చూసింది.

"నీకా?" అన్నాడు ఆయన.

"వార్తల్లోది" అంది. చెయ్యి దించింది. "కొంచెం."

*

అదే బస్ స్టేషన్‌లో పిల్ల అమ్మమ్మను అందరూ లగేజీ అక్క అంటారు. ప్రయాణికులు సామాన్లు దాచుకునే గది ఆమెది. ముందు ఇనప జాలీ, జాలీలో చిన్న కిటికీ, కిటికీ వెనక ఎత్తు స్టూలు. సంచీ తీసుకోవడం, ఇత్తడి బిళ్ళ ఇవ్వడం, బిళ్ళ తీసుకోవడం, సంచీ ఇవ్వడం. బస్సు బస్సుకీ మధ్య పని ఉండదు. పని లేనప్పుడు చదవకూడదు, ఫోన్ చూడకూడదు, కునుకు తియ్యకూడదు అని గోడ మీద రాసి పెట్టారు. చేతులు ఆడించకూడదని మాత్రం రాయలేదు.

జాలీలోంచి చూస్తే హాల్లో టీవీ కనపడుతుంది. నెత్తి మీద అనౌన్స్‌మెంట్ల మోతలో టీవీ గొంతు ఎప్పుడూ వినపడదు. అప్పట్లో ఒక పూట వార్తలు వచ్చేటప్పుడు తెర మూలలో చిన్న డబ్బాలో ఒకావిడ నిలబడి చేతులతో చెప్పేది. లగేజీ అక్క ఆవిడకు మూలావిడ అని పేరు పెట్టుకుంది. వార్తలు చదివేవాళ్ళు మారేవారు, మంత్రులు మారేవారు, మూలావిడ మారేది కాదు. ముదురు రంగు చొక్కా, వెనక్కి లాగి కట్టిన జుట్టు, ఆ చేతులు. చేతులు నీళ్ళలో కదిలినట్టు కదిలేవి. టీవీ మొత్తంలో తనకు అర్థమయ్యేలా మాట్లాడుతున్నది ఈ మనిషొక్కతే అనిపించేది లగేజీ అక్కకు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

ఒకరోజు, ఎందుకో ఆమెకే తెలియదు, బల్ల కింద వేళ్ళు కదిపి చూసింది.

తర్వాత అది అలవాటైంది. తెర అడుగున అక్షరాలు పరుగెత్తుతుంటాయి. అక్షరాల్లో వరద అని వస్తే పైన చేతుల్లో ఏం వచ్చిందో పట్టుకునేది. మర్నాడు మళ్ళీ వరద వస్తే సరిచూసుకునేది. వరదలు ఎక్కువగా వచ్చిన ఏడాది ఆ మాట బాగా వచ్చింది. ఎన్నికల ఏడాది బోలెడు మాటలు వచ్చాయి. కూలీలు కిటికీ దగ్గరకు వచ్చి, "ఏంటక్కా, దోమలా?" అనేవారు. "అవును, నీలాంటివి" అనేది.

ఇంట్లో ఆయన వదిలేవాడా? "ఏమే, గోడతో మాట్లాడుతున్నావా?" అనేవాడు.

"గోడైనా వింటుంది, మీరు వినరు."

"చేతులతో తిడుతున్నావేమో, నాకేం తెలుసు?"

"తిడితే మీకు తెలిసేటట్టే తిడతాను లెండి."

దానివల్ల లాభం ఏమిటని ఆమె కూడా అనుకోలేదు. కొందరు మెట్లెక్కేటప్పుడు కూనిరాగం తీస్తారు, ఇదీ అంతే. ఆ భాష మాట్లాడే మనుషులు ఎక్కడో ఉంటారనీ, వాళ్ళకు ఆకలి, కోపం, పెళ్ళాం పిల్లలు ఉంటారనీ ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆమెకు అది మూలావిడ ఒక్కదాని భాష.

*

ఆసుపత్రి మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్ళింది. కూతురు వెళ్ళలేదు. స్పీకర్లలో ఇంకెవరిదో అరువు గొంతు, బస్సుల పేర్లు తప్పులు చదువుతోంది. లగేజీ అక్క తాళం తీసి, లైటు వేసి, స్టూలు ముందు ఆగిపోయింది. కూర్చోలేదు.

చెక్క అరిగి నున్నగా ఉంది. ఇన్నేళ్ళూ అక్కడ కూర్చున్న మనిషిని ఆమె ఎప్పుడూ బయట నిలబడి చూడలేదు. ఇప్పుడు చూసింది. నడుం నొప్పితో, అరిగిన చెప్పులతో, టీ కప్పులో ఈగ పడినా గమనించకుండా తెర మూలనే చూస్తున్న ఒక ఆడమనిషి. అప్పటి తనే. ఆమెకు పిల్ల సంగతి తెలియదు. పిల్ల పుట్టనే లేదు. పిల్ల తల్లికే ఇంకా పెళ్ళి కాలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చలేదు, జీతంలో కలవలేదు. అయినా రోజూ ఒక మాట, ఒక్కోరోజు సగం మాట, పక్కన పెట్టింది. ఎవరి కోసం? కుదిరితే ఆ మనిషి భుజం పట్టుకుని ఊపి అడగాలనిపించింది, నీకెలా తెలుసు అని.

ఆమెకు ఏమీ తెలియదు. వెంట్రుకవాసిలో తప్పిపోయేది. టీవీ ఇంకో గోడకు తగిలించి ఉంటే చాలు, ఇది నేర్చుకునేది కాదు. డ్యూటీలో పుస్తకం చదవనిచ్చి ఉన్నా అంతే.

లగేజీ అక్క గడ్డం దగ్గర వేళ్ళు ఆనించి ముందుకు చాచింది. వార్తలు అయిపోయాక మూలావిడ రోజూ చివర చెప్పే మాట అది. ధన్యవాదాలు. ఖాళీ స్టూలుకు చెప్పింది. చెప్పాక తన చెయ్యి చూసుకుని బిత్తరపోయింది. అంతవరకూ ఆ చేతులతో ఆమె ఎవరికీ ఏదీ చెప్పలేదు. చూసింది చూసినట్టు చేసింది, అంతే. ఇప్పుడు చెప్పింది.

"అక్కా, సంచీ పెట్టుకుంటావా, స్టూలుకి దండం పెట్టుకుంటావా?" అన్నారు కిటికీలోంచి.

"రెండూ" అని బిళ్ళ తీసింది.

*

ఆ సాయంత్రం పిల్లను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చేతులు తుడుచుకుంది, పరీక్షకు కూర్చున్నట్టు. పిల్ల ఆమె ముఖం చూసింది.

ఏం చెప్పాలి?

పాలు కావాలా అని అడుగుదామనుకుంది. మూలావిడ ఎన్నడూ పాలు అనలేదు. నిద్ర అనలేదు. ఆకలి అంది గానీ అది కరువు జిల్లాల ఆకలి. రా అనలేదు, అమ్మ అనలేదు, నవ్వు అనలేదు. ఆమెకు వచ్చినవి మంత్రి, వరద, ప్రమాదం, సమ్మె, ధరలు, కోర్టు, వాతావరణం. ఇన్నేళ్ళ సంపాదన. పాలబుగ్గల పిల్లకు ఏం చెప్పను, సమ్మె విరమించారని చెప్పనా? నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపైంది.

బయట వాన పడుతోంది. ఆమె రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ కిందికి దించింది. వాన. వచ్చే రెండు రోజుల్లో భారీ వర్షాలు.

పిల్ల ఆ వేళ్ళను పట్టుకోబోయింది. దొరకలేదు. మళ్ళీ చెయ్యమన్నట్టు చూసింది.

బస్ స్టేషన్ గేటు పక్కన గొడుగు కింద తాళాలాయన కూర్చుంటాడు. పోయిన తాళంచెవులకు మారు తాళంచెవులు చేస్తాడు. "చెవులు వినపడవు, తాళం చూపించండి" అని అట్టముక్క మీద రాసి ఉంటుంది. లగేజీ గది పెట్టెల తాళాలకు ఆమె ఎన్నిసార్లు ఆయన దగ్గరకు వెళ్ళిందో. ప్రతిసారీ తాళం చూపించింది, చేసిచ్చాక తలూపింది, వచ్చేసింది. ఆయన ఎదుట వేళ్ళు కదపాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. మర్నాడు ఆ సంగతి గుర్తొచ్చి, గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగింది. చివరికి వెళ్ళి ఎదురుగా నిలబడి, చేతులు ఎత్తింది. తన మనవరాలి సంగతి చెప్పింది. చెప్పాననుకుంది.

తాళాలాయన చేతిలో ఆకురాయి కింద పెట్టేశాడు. ముందు కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నడుం నిటారు చేసి, కాలరు సర్దుకుని, మెడ బిగబట్టి, వార్తలు చదివే మనిషి లాగా కూర్చుని చూపించాడు. నువ్వు ఇలా మాట్లాడుతున్నావు, అని. ఇంకోటి కూడా. కుడిచేతి పనులన్నీ ఎడమచేత్తో చేస్తోంది. మూలావిడను ఎదురుగా చూసి నేర్చుకుంది కదా, అద్దంలో నేర్చుకున్నట్టయింది. అడుగున పరుగెత్తే అక్షరాలు కూడా చేతుల కంటే ముందో వెనకో నడిచేవి. ఆమె ధరలు అనుకున్నది రేపు అట.

అయినా ఆయనకు అర్థమైంది. మనవరాలు, చెవి, ప్రమాదం. ప్రమాదం అన్న చోట ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ మాట తీసి పక్కన పడేసినట్టు చెయ్యి విదిలించాడు. ప్రమాదం కాదు. పిల్ల. అంతే.

ఆ రోజు పాలు నేర్పాడు. మరో రోజు నిద్ర, ఇంకో రోజు చాలు. అమ్మ అన్న మాట ఆమె అడగలేదు. ఆయన చూపించబోతే కూడా చేత్తో వారించింది. అది అడగాల్సింది తను కాదనిపించింది.

*

మిషన్ వచ్చింది. పిల్ల దాన్ని పీకి పారేసేది. పెడితే ఏడ్చేది. కూతురు మళ్ళీ పెట్టేది. అల్లుడు రాత్రి బస్సు డ్రైవరు, పగలంతా నిద్ర. నిద్ర లేచినప్పుడు అతను కూడా పెట్టేవాడు. ఎంత వింటోందో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి తల్లి పిల్ల ముందు కూర్చుని పిడికిలి మూస్తూ తెరుస్తోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పాలు కావాలా అని అడుగుతున్నా."

"నోటితో అడుగు."

"నోటితో అడిగితే..."

"అడుగు! రోజూ అడుగు. మిషన్ ఎందుకు పెట్టాం మరి? చేతులు అలవాటైతే ఇంక నోరెందుకు తెరుస్తుంది? రేపు అది కూడా గేటు దగ్గర కూర్చుని చేతులు ఊపుకుంటూ బతకాలా?"

"ఆయన తాళాలు చేస్తాడే, తాళాలు పగలగొట్టడు" అంది తల్లి, వాతావరణం తేలికపరుద్దామని.

తేలికపడలేదు. "నీకు సరదా అమ్మా" అంది కూతురు. గొంతు ఎక్కడా పెరగలేదు. బస్సు రద్దయిందని చెప్పినట్టే చెప్పింది. "పనిలేనప్పుడు నేర్చుకున్నావు, కాలక్షేపానికి. నీకది ఆట. నాకిది కూతురు. దాని ముందు ఇంక చేతులు ఊపకు."

ఆ మాట నిజం. కాలక్షేపానికే నేర్చుకుంది.

చలికాలం, వేసవీ అలా నడిచిపోయాయి. పిల్ల దగ్గర కూర్చుంటే ఆమె అరచేతులు తొడల కింద పెట్టుకునేది. "ఏమే, చేతులు ఏం చేశావ్?" అనేవాడు ఆయన. "తాకట్టు పెట్టాను" అనేది. ఆయన కూడా మారాడు. నోటి నిండా మాటలున్న మనిషి, పిల్ల ఎదుట ఊరికే ఉండేవాడు. ఒకసారి తెర పక్క నుంచి చూస్తే, పెద్ద బాక్సు ముందు పిల్లను నిలబెట్టి, దాని అరచెయ్యి తీసుకుని బాక్సులో అదిరే అట్ట మీద ఆనిస్తున్నాడు. పిల్ల నవ్వుతోంది. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. చూసినట్టు ఆమె చెప్పలేదు.

పిల్ల అడుగులు వేసింది. అందరి ముఖాలూ చూసేది. పెదవులు కదిలితే పెదవులు చూసేది. చూసి చూసి విసిగిపోయి, నేల మీద పడి తల కొట్టుకునేది. ఏం కావాలో చెప్పడానికి దానికి అదొక్కటే దారి. నుదుటి మీద వాపు తగ్గకముందే ఇంకోటి వచ్చేది. కూతురు ఆ వాపు మీద మందు రాస్తూ, "చెప్పవే, ఏం కావాలో నోటితో చెప్పవే" అని బతిమాలేది. వంటగదిలో తల్లి చేతులు నీళ్ళ కింద పెట్టి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. ఆ చేతుల్లో పాలు ఉంది, నిద్ర ఉంది, చాలు ఉంది. ఒక గది అవతల పిల్ల తల కొట్టుకుంటోంది.

*

ఆ రోజు ఆయన మైకుసెట్టు బిగించడానికి పక్క ఊరు వెళ్ళాడు. అల్లుడి బస్సు ఇంకా రాలేదు. పిల్లను చూసేవాళ్ళు లేక లగేజీ అక్క తనతో తీసుకొచ్చి కిటికీ బల్ల మీద కూర్చోబెట్టింది. కూలీలు ముద్దు చేశారు. పిల్ల జాలీ పట్టుకుని హాల్లోకి చూస్తూ కూర్చుంది. టీవీలో మూలావిడ లేదు. చాన్నాళ్ళ నుంచి అక్కడ ఇంకెవరో కుర్రావిడ నిలబడుతోంది. పిల్ల ఆవిడనే చూసిందో, ఆవిడ వెనక రంగులు చూసిందో.

భోజనం వేళకు కూతురు అనౌన్స్‌మెంట్ గదికి తాళం పెట్టి, పిల్లకు తినిపించడానికి వచ్చింది. గిన్నె మూత తీస్తుండగా వాన మొదలైంది.

ఆ ఏటికి అదే మొదటి వాన. లగేజీ గది కప్పు రేకులది. ముందు నాలుగు చినుకులు, తర్వాత ఎవరో లారీతో కంకర కుమ్మరించినట్టు. మనిషి గొంతు మనిషికి చేరదు. కూతురు ఏదో అంది. తల్లి "ఏంటి?" అంది. ఆ ఏంటి కూడా కూతురికి వినపడలేదు. కూతురు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచింది. నోరు కదలడం మాత్రమే కనపడింది.

ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు.

పిల్ల వాళ్ళమ్మ చొక్కా పట్టుకుని లాగింది. కూతురు చూసింది. పిల్ల జాలీ బయటికి చూసింది, మళ్ళీ వాళ్ళమ్మను చూసింది. రెండు చేతులూ పైకెత్తింది. బొద్దు వేళ్ళు ఆడిస్తూ కిందికి దించింది.

లగేజీ అక్క చేతిలో బిళ్ళల పళ్ళెం నేల మీద పడింది. ఆ చప్పుడు కూడా ఎవరికీ వినపడలేదు.

తను చూపించింది ఎప్పుడో, పోయిన వానాకాలంలో. ఒళ్ళో కూర్చునే పసిగుడ్డుకి. తర్వాత చేతులు దాచేసుకుంది. గుర్తుందా? లేక జాలీలోంచి చూసి, టీవీలో కుర్రావిడ దగ్గర పట్టుకుందా? తనకూ అలాగే వచ్చింది కదా. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తేలలేదు. అప్పుడు మాత్రం ఆమెకు అనిపించింది, ఎవరో తన లోపల నుంచి తలుపు తట్టినట్టు.

పిల్ల ఇంకోసారి చెప్పింది. అటు చూడు. వాన.

కూతురు తల్లి వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. ఏమంటోంది ఇది, అని.

తల్లి నోటితో చెప్పినా రేకుల మోత దాటదు. చెయ్యకూడదన్న మాట గుర్తుంది. అయినా చేతులు ఎత్తింది. పైనుంచి కిందికి, వేళ్ళు ఆడిస్తూ. తర్వాత బయటికి చూపించింది.

కూతురు బయటికి చూసింది. వాన. ప్లాట్‌ఫారాలు, బస్సుల కప్పులు, పరుగెత్తే మనుషులు, అన్నిటి మీదా వాన. మళ్ళీ పిల్లను చూసింది. ఇన్నాళ్ళూ పిల్ల ఏడ్చింది, నవ్వింది, తల కొట్టుకుంది. వార్త చెప్పడం ఇదే మొదలు. ఇదుగో, చూశావా, అని. లోకం మొత్తానికి ఏది ఎక్కడుందో చెప్పే మనిషికి ఎవరో మొదటిసారి ఒక కబురు చెప్పారు.

కూతురు గిన్నె బల్ల మీద పెట్టింది. చేతులు ఎత్తింది. తప్పుగా దించింది, బట్టలు జాడించినట్టు.

పిల్ల ఆ చేతులు చూసి విరగబడి నవ్వింది.

*

మోత కొంచెం తగ్గాక కూతురు మాట వినపడింది. "అమ్మ అనాలంటే ఎలా?"

"నాకు రాదే."

"అబద్ధం చెప్పకు. నా మీద కోపంతో..."

"నిజంగా రాదు. వార్తల్లో అమ్మ అనరు. అడిగితే తాళాలాయన చెప్పేవాడే. నువ్వు అడగాలని నేను అడగలేదు."

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. పిల్లను చంకన వేసుకుని వానలోకి నడిచింది. లగేజీ అక్క ఏళ్ళలో మొదటిసారి తాళం వెయ్యకుండా గది వదిలి వెనకాల వెళ్ళింది.

"అక్కా! నా సంచీ!" అని ఎవరో అరిచారు.

"ఎక్కడికీ పోదు!" అంది తిరిగి చూడకుండా.

తాళాలాయన గొడుగు అంచుల నుంచి నీళ్ళు తాళ్ళలా దిగుతున్నాయి. ముగ్గురినీ చూసి పనిముట్ల పెట్టె జరిపి చోటిచ్చాడు. కూతురు ఆయన ముందు నిలబడి, అలవాటు ప్రకారం గొంతు సవరించుకుంది. "అమ్మ" అంది స్పష్టంగా, మైకులో చెప్పినట్టు. ఆయన వేలితో అట్టముక్క చూపించాడు. ఆమె ముఖం ఎర్రబడింది. ఏం చెయ్యాలో తెలియక తన గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పిల్ల మీద వేసింది. మళ్ళీ తన గుండె మీద.

తాళాలాయన లేచాడు. ఎదురుగా కాకుండా వచ్చి ఆమె పక్కన నిలబడి, చెయ్యి ఎత్తి చూపించాడు. చిన్న కదలిక. అంతే.

కూతురు చేసింది. ఆయన ఆమె వేలును కొంచెం సర్ది మళ్ళీ చెయ్యమన్నాడు. చేసింది. పిల్ల చూడలేదు. గొడుగు కమ్మీకి వేలాడే తాళంచెవుల గుత్తుల నుంచి నీటిబొట్లు కారుతుంటే వాటినే చూస్తోంది.

"చూడవే" అంది కూతురు. వినపడదని తెలిసి కూడా. పిల్ల గడ్డం పట్టుకుని తిప్పబోయి ఆగింది. పిల్ల చూపు ఎటుందో అటు తనే జరిగింది, సగం గొడుగు బయటికి, వానలోకి. అక్కడ నిలబడి చేసింది.

హాల్లోంచి స్టేషన్ మేనేజరు గావుకేకలు పెడుతున్నాడు. "అనౌన్సరమ్మా! ఏ బస్సు ఎక్కడికో చెప్పేవాళ్ళు లేక జనం చచ్చిపోతున్నారిక్కడ!"

లగేజీ అక్క కూతురి వైపు చూసింది. కూతురి జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు.

చెప్పేవాళ్ళు లేకుండానే ఒక బస్సు కదిలింది. ఎవరో దాని వెంట పరుగెత్తారు. పిల్ల తాళంచెవులను వదిలి ఆ చేతి వైపు చూసింది. ముఖం వైపు చూసింది. మళ్ళీ చేతి వైపు.

కూతురు చెయ్యి మళ్ళీ ఎత్తింది.